కన్ను ఎర్రబడకుండానే చూపు తగ్గుతుంటే: కంటి వెనుక వాపును గుర్తించడం, అదుపులో పెట్టుకోవడం

మా పిన్నికి మొదట వచ్చింది తలనొప్పి. మెడ పట్టేసినట్టు, చెవుల్లో ఈల వేస్తున్నట్టు నాలుగు రోజులు. ఎండదెబ్బ అనుకున్నాం. ఐదో రోజు పొద్దున్న వంటింటి గుమ్మంలో నిలబడి, “ఒరేయ్, ఈ టైల్స్ గీతలు వంకరగా ఉన్నాయేంట్రా?” అంది. కళ్లు చూస్తే తెల్లగా ఉన్నాయి. నీరు కారడం లేదు, పుసి లేదు, నొప్పీ లేదు. కళ్లద్దాల షాపులో పవర్ మారిందన్నారు. కొత్త అద్దాలు చేతికొచ్చేసరికి వాటితో కూడా టీవీలో అక్షరాలు కనబడటం లేదు.

ఆమెకు వచ్చింది యువైటిస్, అంటే కంటి మధ్య పొర వాపు, అందులోనూ కంటి వెనుక భాగాన్ని పట్టే రకం. ఆ తర్వాత ఆమెతో కలిసి యువైటిస్ క్లినిక్ బెంచీల మీద కూర్చున్న రోజుల్లో, డాక్టర్లను అడిగి తెలుసుకున్నదీ పక్కవాళ్లను చూసి నేర్చుకున్నదీ ఇక్కడ వరసగా పెడుతున్నాను. మందు రాసేది డాక్టరే. అయితే సమయానికి అక్కడికి చేరడం, అడిగిన వాటికి సరైన జవాబు చెప్పడం, మందుల్ని తప్పు లేకుండా వాడటం మన చేతిలో పని.

ముందుగా, ఏ పొర వాస్తుంది

కంటి గోడకు మూడు పొరలు. బయట తెల్లగుడ్డు, లోపల బొమ్మ పడే రెటీనా, ఆ రెండిటి మధ్య రక్తనాళాలతో నిండిన నల్లటి పొర. ఈ మధ్య పొర పేరు యువియా. లాటిన్‌లో ద్రాక్షపండుకున్న పేరు నుంచి వచ్చింది, తొక్క తీసిన నల్లద్రాక్షలా ఉంటుందని. దీని ముందు భాగం కనుపాప చుట్టూ కనిపించే ఐరిస్, వెనుక భాగం రెటీనాకు ఆనుకుని దానికి రక్తం అందించే కోరాయిడ్.

ముందు భాగం వాస్తే కన్ను ఎర్రబడుతుంది, వెలుతురు చూడలేం, నొప్పి పుడుతుంది. ఇల్లంతా కంగారు పడి ఆసుపత్రికి పరుగెడుతుంది. వెనుక వాస్తే ఇవేవీ ఉండకపోవచ్చు, ఎందుకంటే రెటీనాలో నొప్పిని చెప్పే నరాలు లేవు. అందుకే కంటికలకకు వెంటనే వెళ్లే మనిషి, దీనికి నెల రోజులు ఆగిపోతాడు. “నొప్పి లేదుగా” అన్న మాటే ఈ జబ్బులో ఎక్కువ నష్టం చేసేది.

డాక్టరు ఫైల్లో యాంటీరియర్, ఇంటర్మీడియట్, పోస్టీరియర్, పాన్ అని నాలుగు మాటల్లో ఒకటి రాస్తారు. ముందు, మధ్య, వెనుక, మొత్తం అని అర్థం. మీ ఫైల్లో ఏది రాశారో తెలుసుకోండి. చికిత్స దాన్ని బట్టే మారుతుంది.

మొదటి అడుగు: ఒక కన్ను మూసి చూడండి

రెండు కళ్లు తెరిచి ఉన్నప్పుడు బాగున్న కన్ను రెండోదాని లోపాన్ని కప్పేస్తుంది. చాలామందికి కంట్లో నలక పడి, ఆ కన్ను నలుపుకుంటున్నప్పుడు రెండో కన్ను సరిగ్గా కనబడటం లేదని మొదటిసారి తెలుస్తుంది. అలా యాదృచ్ఛికంగా తెలియడం కన్నా మనమే చూసుకోవడం మేలు.

గోడ మీది తెలుగు క్యాలెండర్ దీనికి చక్కగా పనికొస్తుంది. నిలువు గీతలు, అడ్డగీతలు, గళ్లలో అంకెలు, వాటి కింద సన్నని అక్షరాల్లో తిథి, నక్షత్రం. చదివే అద్దాలుంటే పెట్టుకుని, మూరెడు దూరంలో నిలబడి, ఒక కన్ను అరచేత్తో మూసి (వేళ్లతో నొక్కకుండా) నెల మధ్యలో ఉన్న ఒక అంకెను చూస్తూ ఉండండి. చుట్టుపక్కల గీతలు తిన్నగా ఉన్నాయా? ఏ గడి అయినా మాయమైందా, మసకబారిందా? ఎరుపు రంగులో అచ్చేసిన ఆదివారాలు రెండు కళ్లకూ ఒకే ఎరుపులో కనిపిస్తున్నాయా, ఒక కంటికి వెలిసిపోయినట్టు ఉన్నాయా? కంటి డాక్టర్లు ఇచ్చే గళ్ల కాగితం చేసే పని దాదాపు ఇదే.

కంటి వెనుక వాపులో సాధారణంగా జనం చెప్పే మాటలు ఇవి: దోమలు ఎగురుతున్నట్టుంది, సాలెగూడు అడ్డమొచ్చినట్టుంది, పొగమంచులోంచి చూస్తున్నట్టుంది, మెరుపులు వస్తున్నాయి, చదువుతుంటే పదం మధ్యలో అక్షరం ఎగిరిపోతోంది, మనిషి ముఖం చూస్తే ముక్కు కనబడదు. వయసు పైబడిన వాళ్లకు ఒకటీ అరా చుక్కలు ఏళ్ల తరబడి తేలుతూ ఉండటం మామూలే. కానీ అవి ఉన్నట్టుండి గుంపుగా రావడం, వాటితోపాటు చూపు మసకబారడం మామూలు కాదు.

చిన్నపిల్లలు ఇవేవీ చెప్పరు. టీవీకి అతుక్కుపోవడం, మెల్లకన్ను పడటం, ఫొటోలో ఒక కనుపాప తెల్లగా మెరవడం గమనిస్తే ఆ వారమే చూపించండి. తెల్లగా మెరిసే కనుపాప వెనుక కంటి క్యాన్సర్ కూడా ఉండే అవకాశం ఉంది.

రెండో అడుగు: ఎంత త్వరగా, ఎవరి దగ్గరికి

చూపు మసకబారి, చుక్కలు పెరిగితే ఒకటి రెండు రోజుల్లో. కింద చెప్పిన వాటిలో ఏది ఉన్నా అదే రోజు: చూపులో ఒక పక్క నుంచి తెర దిగుతున్నట్టు ఉండటం, గంటల్లోనే చూపు పడిపోవడం, కంటి ఆపరేషన్ లేదా కంట్లో ఇంజెక్షన్ తర్వాత నొప్పితో చూపు తగ్గడం, ఉన్నది ఒక్క కన్నే కావడం, హెచ్‌ఐవీ లేదా అవయవ మార్పిడి లేదా కీమోథెరపీ వల్ల ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గి ఉండటం. ఇంకొకటి చాలామందికి తెలియదు. ఒక కంటికి లోతైన గాయమైతే, వారాలకో నెలలకో, అరుదుగా ఏళ్లకో, దెబ్బ తగలని రెండో కన్ను కూడా వాచిపోవచ్చు. ఎప్పుడో చిన్నప్పుడు తగిలిన పుల్ల దెబ్బైనా సరే డాక్టరుకు చెప్పాలి.

కళ్లద్దాల షాపులో మిషన్ పవర్ చెబుతుంది, వెనుక పొర సంగతి చెప్పదు. టార్చ్ వేసి చూసినా కనబడదు. చుక్కల మందుతో కనుపాప పెద్దది చేసి, తలకు కట్టుకున్న లైటుతో లెన్స్ పట్టుకుని చూడాలి. ఆ పరీక్ష చేయకుండా “అంతా బాగుంది” అని ఎవరన్నా, వెనుక భాగం చూడలేదనే లెక్క. వెళ్లాల్సింది రెటీనా లేదా యువైటిస్ చూసే కంటి డాక్టరు దగ్గరికి. హైదరాబాద్‌లో మెహదీపట్నంలోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి, ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ, విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి మన దగ్గర తెలిసిన పేర్లు. చిత్తూరు, నెల్లూరు వైపు వాళ్లు చెన్నైలోని శంకర నేత్రాలయకూ వెళ్తుంటారు.

ఆ చుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది. బండి నడుపుకుంటూ ఒంటరిగా వెళ్లకండి. మధ్యాహ్నం ఎండలో బయటికొస్తే కళ్లు తెరవలేరు, నల్ల కళ్లద్దాలో గొడుగో దగ్గరుంచుకోండి.

మూడో అడుగు: చెప్పకుండా దాచొద్దు

కన్ను చూపించడానికి వెళ్తే ఒంటి గురించి అడుగుతారేంటని పిన్ని చిరాకు పడింది. తీరా, డాక్టరుకు దారి దొరికింది ఆ చెవుల్లో ఈలతోనే. తలనొప్పి, చెవుల్లో మోత, ఆ వెంటనే రెండు కళ్లలోనూ రెటీనా కింద నీరు చేరడం అనేవి వోక్ట్–కొయనాగి–హరడ అనే జబ్బు ఆనవాళ్లు. ఒంటి రక్షణ వ్యవస్థే నల్లరంగునిచ్చే కణాల మీద తిరగబడే జబ్బు ఇది. ఆ కణాలు చర్మంలో, చెవి లోపల, మెదడు పొరల్లో, కంటి మధ్య పొరలో ఉంటాయి కాబట్టి దెబ్బ అన్ని చోట్లా పడుతుంది. కొన్ని వారాలకో నెలలకో కొందరిలో కనురెప్పల వెంట్రుకలు తెల్లబడతాయి, చర్మం మీద తెల్ల మచ్చలొస్తాయి. రంగు ఎక్కువున్న మనలాంటి వాళ్లలో ఇది అంత అరుదేమీ కాదు.

అందుకే వెళ్లే ముందు రోజు రాత్రి కూర్చుని కాగితం మీద రాసుకోండి. గత నెలా రెండు నెలల్లో జ్వరం వచ్చిందా? చికున్‌గున్యా, డెంగీ, టైఫాయిడ్, గోమార్ల లాంటి పురుగులు కుట్టి వచ్చే జ్వరాలు తగ్గిన రెండు మూడు వారాలకు రెటీనా వాయడం దక్షిణాదిలో డాక్టర్లు చూస్తూనే ఉంటారు. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా? పిల్లిని పెంచుతున్నారా, సరిగ్గా ఉడకని మాంసం తిన్నారా (టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి వచ్చే దారులివి)? నోట్లో, మర్మాంగాల దగ్గర మాటిమాటికీ పుండ్లు పడుతున్నాయా? దగ్గు, ఆయాసం ఉన్నాయా? నీరసానికి ఎక్కడైనా సెలైన్ పెట్టించుకున్నారా? శుభ్రత లేని సెలైన్ ద్వారా ఫంగస్ రక్తంలో చేరి కంటి వెనుక తేలిన సందర్భాలు మన దేశంలో ఉన్నాయి. ఆర్‌ఎంపీ దగ్గర పెట్టించుకున్నామని చెప్పడానికి సిగ్గుపడితే కన్ను పోతుంది.

సిఫిలిస్, హెచ్‌ఐవీ పరీక్షలు రాస్తే కోపం తెచ్చుకోకండి. అవి మీ నడవడి మీద అనుమానంతో రాసినవి కావు. సిఫిలిస్ ఏ కంటి జబ్బు రూపంలోనైనా కనిపించగలదు, పైగా మందుతో నయమవుతుంది. అందుకే ఆ పరీక్ష దాదాపు అందరికీ రాస్తారు.

నాలుగో అడుగు: పరీక్షలు ఏం చెబుతాయి

ఓసీటీ అంటే కాంతితో తీసే స్కాన్. రెటీనాను అడ్డంగా కోసి చూసినట్టు పొరలు పొరలుగా చూపిస్తుంది. నొప్పి ఉండదు, నిమిషాల్లో అయిపోతుంది. రెటీనాలో, దాని కింద ఎంత నీరు చేరిందో అందులో తేలుతుంది. ఎఫ్‌ఎఫ్‌ఏలో చేతి నరం ద్వారా పసుపు రంగు మందు ఎక్కించి, కంటి రక్తనాళాల్లోంచి అది ఎక్కడ కారుతోందో ఫొటోలు తీస్తారు. ఆ రోజంతా ఒళ్లు కాస్త పచ్చగా కనిపిస్తుంది, మూత్రం ముదురు పసుపు రంగులో పోతుంది. మా పిన్ని కామెర్లనుకుని హడలిపోయింది. ముందే చెప్పి ఉంటే బాగుండేది, అందుకే మీకు చెబుతున్నాను. గతంలో ఏ ఇంజెక్షన్‌కైనా అలర్జీ వచ్చి ఉంటే ఈ పరీక్షకు ముందు చెప్పాలి.

ఇక టీబీ పరీక్షల దగ్గర కొంచెం ఆగాలి. మన దేశంలో మాంటూ అనే టీబీ చర్మ పరీక్ష పాజిటివ్ రావడం వింతేమీ కాదు. టీబీ క్రిమి ఎప్పుడో ఒంట్లోకి వచ్చి నిద్రపోతున్న వాళ్లు కోట్లలో ఉన్నారు. చిన్నప్పుడు వేసిన బీసీజీ టీకా కూడా మాంటూను తప్పుదారి పట్టించవచ్చు. ఐజీఆర్ఏ అనే రక్త పరీక్షకు బీసీజీ ఇబ్బంది లేదు గానీ, అదీ నిద్రపోతున్న క్రిమికీ పని చేస్తున్న జబ్బుకీ తేడా చెప్పలేదు. కాబట్టి ఒక్క కాగితం చూసి టీబీ అనరు. కంటి వెనుక మచ్చలు టీబీ తరహాలో పాములా పాకుతూ వ్యాపిస్తున్నాయా, ఛాతీ సీటీ స్కాన్‌లో గడ్డలు ఉన్నాయా, మిగతా కారణాలు కావని తేలిందా అని కలిపి చూస్తారు. అవసరమైతే కంట్లోంచి చుక్క నీరు తీసి, అందులో క్రిమి జన్యువు ఉందేమో వెతికే పీసీఆర్ పరీక్ష చేస్తారు. ఇన్ని చేసినా కొందరిలో కారణం దొరకదు. దొరకలేదంటే డాక్టరుకు తెలియదని కాదు, ప్రమాదకరమైన కారణాలు లేవని తేల్చడమే అక్కడ సగం పని.

యాభై దాటిన మనిషిలో ఈ “వాపు” ఎంతకూ లొంగకపోతే కంటి లింఫోమా అనే క్యాన్సర్ వాపు వేషంలో వచ్చిందేమో చూడమని మీరే అడగొచ్చు.

ఐదో అడుగు: రెండుగా చీలే దారి

క్రిమి వల్లా, క్రిమి లేకుండానా? చికిత్స మొత్తం ఈ ప్రశ్న మీద నిలబడి ఉంది. క్రిమి ఉన్న కంటికి, వాపుతోపాటు ఒంటి రక్షణనూ అణిచే ఒట్టి స్టెరాయిడ్ ఇస్తే మంటల్లో కిరోసిన్ పోసినట్టే. నాలుగు రోజులు చూపు మెరుగైనట్టు అనిపించి, ఆపైన రెటీనా కుళ్లిపోతుంది. మెడికల్ షాపుకెళ్లి “అన్నా, కంటికి మంచి స్టెరాయిడ్ చుక్కలుంటే ఇవ్వు” అని అడిగి తెచ్చుకోవడం రెండు విధాలా తప్పు. ఒకటి ఇప్పుడు చెప్పిందే. రెండు, మామూలు చుక్కల మందు కంటి ముందు భాగం దాటి వెనక్కి చాలినంతగా చేరదు.

క్రిమి అని తేలితే దాని మందు ముందు. టాక్సోప్లాస్మాకు కోట్రైమాక్సజోల్ లాంటివి (సల్ఫా మందులు పడకపోతే చెప్పాలి). ఈ జబ్బు తగ్గినా పాత మచ్చ అంచునే మళ్లీ తిరగబెట్టే గుణం దానికి ఉంది. సిఫిలిస్‌కు ఆసుపత్రిలో పెన్సిలిన్. హెర్పిస్ జాతి వైరస్‌లు రెటీనాను కాల్చేస్తుంటే అది అత్యవసరం. అసైక్లోవిర్ నరం ద్వారానో, వాలాసైక్లోవిర్ మాత్రలుగానో ఆలస్యం లేకుండా మొదలవ్వాలి. ఆ తర్వాత కూడా రెటీనా ఊడిపోయే ప్రమాదం నెలల తరబడి పొంచి ఉంటుంది.

టీబీ అయితే నెలల తరబడి మందులు. అవి ప్రభుత్వ టీబీ కార్యక్రమంలో ఉచితం. రెండు విషయాలు గుర్తుంచుకోండి. మొదలుపెట్టిన కొన్ని వారాల్లో కొందరికి కన్ను బాగుపడకపోగా మరింత వాస్తుంది. చచ్చిన క్రిముల మీద ఒళ్లు చూపే ప్రతాపం అది. మందు మానేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. రెండోది ఇథాంబ్యుటాల్. టీబీ మందుల్లో ఒకటైన ఇది కంటి నరాన్నే దెబ్బతీయగలదు. ఎరుపు, ఆకుపచ్చ రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తే వెంటనే చెప్పాలి. క్యాలెండర్ ఆదివారాలు ఇక్కడా అక్కరకొస్తాయి.

క్రిమి లేదని తేలితే స్టెరాయిడ్. మా పిన్నికి రోజుకొక గ్రాము చొప్పున మూడు రోజులు నరం ద్వారా ఎక్కించి, ఆపైన మాత్రలిచ్చారు. మామూలుగా మాత్రలు కిలో బరువుకు రోజుకు 1 మిల్లీగ్రాము ప్రెడ్నిసోలోన్‌తో మొదలై, వారాల మీద మెట్లు మెట్లుగా తగ్గుతాయి. పిన్ని జబ్బులో ఆరు నెలల కన్నా ముందే ఆపేస్తే తిరగబెట్టడం ఎక్కువ. ఒక్క కన్నే వాచి, క్రిమి లేదని గట్టిగా తెలిస్తే కంట్లోకి నేరుగా స్టెరాయిడ్ ఇంజెక్షనో, కొన్ని నెలలు కరుగుతూ ఉండే డెక్సామెథసోన్ పుల్లో పెడతారు. దానివల్ల కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు రావచ్చు, శుక్లం త్వరపడవచ్చు.

ఆరో అడుగు: స్టెరాయిడ్ నుంచి దిగడం

రోజుకు ఏడున్నర మిల్లీగ్రాముల కన్నా తక్కువకు దింపితే చాలు కన్ను వాచిపోతోందంటే, స్టెరాయిడ్ భారాన్ని వేరే మందు మీదికి మార్చాలి. మెథోట్రెక్సేట్, మైకోఫెనొలేట్, అజాథయోప్రిన్ అలాంటివి. మొదటి రెండిటిలో ఏది మేలో తేల్చడానికి జరిగిన ఫాస్ట్ అనే అధ్యయనంలో 216 మంది ఉన్నారు. అందులో ఎక్కువమంది మన పక్కనే తమిళనాడు వైపు అరవింద్ ఆసుపత్రుల రోగులు. 2019లో ఫలితాలొచ్చాయి. మొత్తం మీద ఖరీదైన మైకోఫెనొలేట్ పైచేయి సాధించలేదు. కంటి వెనుక వాపున్న వాళ్లలో చవకైన మెథోట్రెక్సేట్‌కే ఎక్కువమంది లొంగారు. చవక మందు రాశారని చిన్నబుచ్చుకునే వాళ్లకు ఇది చెబుతుంటాను.

మెథోట్రెక్సేట్ గురించి ఈ వ్యాసంలో ఒక్క వాక్యమే గుర్తుంటుందంటే ఇది గుర్తుంచుకోండి: అది వారానికి ఒక్క రోజు వేసుకునే మందు, రోజూ కాదు. పొరపాటున రోజూ మింగి ప్రాణం మీదికి తెచ్చుకున్న వాళ్లున్నారు. వారంలో ఏదో ఒక రోజు ఎంచుకుని క్యాలెండర్‌లో ఆ రోజు గళ్లన్నీ చుట్టేయండి. ఇంట్లో మరొకరికీ చెప్పండి. ఫోలిక్ యాసిడ్ రాసిన రోజుల్లో వేసుకోవాలి. మద్యం మానాలి. రక్త కణాలు, కాలేయం పరీక్షలు చెప్పిన గడువుకు తప్పకుండా చేయించాలి. గర్భం దాల్చే ఆలోచన ఉంటే, భార్య వాడుతున్నా భర్త వాడుతున్నా, ముందే చెప్పాలి. మెథోట్రెక్సేట్, మైకోఫెనొలేట్ రెండూ కడుపులో బిడ్డకు చేటు.

వీటికీ లొంగకపోతే అడాలిముమాబ్ ఇంజెక్షన్లు. 2014 చివర్లో జైడస్ కాడిలా ఇక్కడే తయారుచేసి తెచ్చాక ధర కొంత దిగింది, ఇప్పటికీ తక్కువేం కాదు. మొదలుపెట్టే ముందు టీబీ లేదని తేల్చుకోవాల్సిందే. నిద్రపోతున్న క్రిమిని ఈ మందు లేపుతుంది.

ఇంట్లో

స్టెరాయిడ్ పొద్దున్న టిఫిన్ తిన్నాక. రాత్రి వేసుకుంటే నిద్ర రాదు. షుగర్ లేనివాళ్లకూ షుగర్ పెరుగుతుంది, ఉన్నవాళ్లకు ఎగబాకుతుంది. గ్లూకోమీటరు ఇంట్లో ఉంటే మంచిది. ఒంట్లో నీరు చేరుతుంది కాబట్టి ఉప్పు తగ్గాలి. అంటే ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు. పిన్నితో మాకు పెద్ద యుద్ధం జరిగింది ఇక్కడే. ముఖం ఉబ్బిందని, ఎవరో భయపెట్టారని ఒక్కసారిగా మానేయకూడదు. వారాల తరబడి బయటి నుంచి స్టెరాయిడ్ అందుతుంటే ఒళ్లు సొంతంగా చేసుకోవడం మానేస్తుంది. ఉన్నట్టుండి ఆపితే బీపీ పడిపోయి ప్రాణాపాయం రావచ్చు. వాంతులై మాత్ర నిలవకపోయినా ఆసుపత్రికి వెళ్లాలి. ఈ మందుల మీద ఉన్నప్పుడు ఏ టీకా అయినా అడిగే వేయించుకోవాలి.

పొన్నగంటి కూర వండుకుని తినండి, రుచిగా ఉంటుంది. దాని రసం కంట్లో పిండొద్దు. నందివర్ధనం పూలు, తేనె, చనుబాలు కూడా అంతే. పైన వేసినదేదీ వెనుక పొర దాకా వెళ్లదు, ఇన్ఫెక్షన్ మాత్రం వెళ్తుంది.

ఏడో అడుగు: అణిగాక

కన్ను నెమ్మదించాక కూడా స్టెరాయిడ్‌కు బదులిచ్చే మందును చాలామందికి రెండేళ్లదాకా కొనసాగిస్తారు. తనిఖీకి వెళ్లిన ప్రతిసారీ కంటి ఒత్తిడి చూస్తారు, ఓసీటీని పాతదానితో పోలుస్తారు. అందుకే పాత స్కాన్లు పారేయొద్దు. శుక్లం వచ్చినా తొందరపడి ఆపరేషన్ చేయించుకోకండి. కనీసం మూడు నెలలు కన్ను పూర్తిగా నెమ్మదిగా ఉంటేనే చేస్తారు. మచ్చ రెటీనా నడిబొడ్డున పడి ఉంటే పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు. లో విజన్ విభాగంలో భూతద్దాలు, పెద్దక్షరాల ఫోన్ అమరికలు నేర్పుతారు. అంగవైకల్య ధ్రువపత్రానికి ప్రభుత్వ వైద్య శిబిరంలో (ఆంధ్రప్రదేశ్‌లో సదరం అంటారు) చూపించుకోవాలి.

పిన్ని కనురెప్పల మీద ఐదారు తెల్ల వెంట్రుకలు మిగిలాయి. మందులు ఆగి చాలా కాలమైంది. అయినా ప్రతి నెలా మొదటి తారీఖున క్యాలెండర్ కాగితం తిప్పగానే కుడి కన్ను మూసి ఒకసారి, ఎడమ కన్ను మూసి ఒకసారి ఏకాదశి ఎప్పుడో చదువుతుంది.